నిమిషాల పద్దు

గలీసియా తీరాన
సార్డీన్ చేపల్ని డబ్బాలకెత్తే కార్ఖానాలో
నా ఉద్యోగం నిమిషాలు రాయడం.

బెల్టు దగ్గర్నించి ఎవరు ఎప్పుడు కదిలారు,
ఎప్పుడు తిరిగొచ్చి నిలబడ్డారు.
పచ్చ అట్ట రిజిస్టరు, దారంతో కట్టిన పెన్సిలు,
ఒక కొస నీలం, ఒక కొస ఎరుపు.
ఏడు నిమిషాలు దాటితే ఎర్రగీత.
మూడు గీతలకి అరపూట జీతం.
పదకొండేళ్లలో నా గీత ఒక్కసారీ వంకర పోలేదు.

ఈ వసంతంలో హెడ్డాఫీసుకి
మా ఆరోగ్యం మీద బెంగ పుట్టింది.
గోడకి పోస్టరొచ్చింది, పళ్లన్నీ కనబడేలా నవ్వే అమ్మాయి,
ఆమె చేతికి ఏనాడూ చేప వాసన తగిలి ఉండదు.
ప్రతి సోమవారం బుట్టెడు ఆపిల్ పళ్లు.
ఊపిరి ఎలా పీల్చాలో చెప్పడానికి
సాంతియాగో నించి ఒకాయన.
"కళ్లు మూసుకోండి, సముద్రాన్ని ఊహించుకోండి" అన్నాడు.
మరూషా కిసుక్కున నవ్వింది:
"ఊహించుకోడమెందుకు నాయనా,
బూట్లలోకొచ్చి కూచుంటేనూ!"

ఆపిల్ తినాలంటే గ్లవ్సు తియ్యాలి.
తియ్యడానికీ తొడుక్కోడానికీ రెండు నిమిషాలు.
ఆ రెండూ నేనే రాయాలి.

జూన్‌లో ఒక మంగళవారం
దొసిందా వెళ్లి ఇరవై రెండు నిమిషాలు.
ఎర్రగీత గీసేశాను.
గీసి, ఎందుకో, లేచి వెళ్లాను.

బోర్లించిన చేపల పెట్టె మీద కూచుని ఉంది,
రెండు మణికట్లూ వేడినీటి కుళాయి కింద పెట్టి.
వేళ్లు ఆల్చిప్పల్లా మూసుకుపోయి
తెరుచుకోమని మొరాయిస్తున్నాయి.
గోరుచుట్టు మీద రోకటిపోటు
నా పెన్సిలే.
ఏడవడం లేదు. ఆ పని ఇంటికెళ్లి చేసుకుంటుంది కాబోలు.
నన్ను చూసి కంగారుగా లేవబోయింది:
"వచ్చేస్తున్నా సబేలా, బొత్తాం పడటం లేదు, అంతే."

బొత్తాం నేను పెట్టాను.
ఈ మనిషిని తాకడం అదే మొదటిసారి.
పేరు మాత్రం
నాలుగువేల సార్లన్నా రాసి ఉంటాను.

మర్నాటి నించి నిమిషాల గడిలో నిమిషాలు రాయలేదు.
రెమెదియోస్: నడుము. గోడకి ఆనుకుని నిలబడింది.
మరూషా: కొడుక్కి జ్వరం. ఫోను చేసింది, ఎత్తలేదు.
ఇల్దారా: వేడినీళ్లు అయిపోయాయి.
దొసిందా: ఇవాళ నాలుగు వేళ్లు తెరుచుకున్నాయి.
కొత్త పిల్ల, పేరింకా తెలీదు: ఊరికే. కిటికీలోంచి చూసింది.

నెలాఖరుకి మేనేజరు బార్రేయ్రో పద్దు అడిగాడు.
సిగ్గు విడిచి చెప్తున్నా,
ఇంటద్దె గుర్తొచ్చి
ఆ పేజీలు చింపేద్దామనిపించింది.
అతను నిలబడే చదివాడు, ఒక పేజీ, ఇంకో పేజీ.
మధ్యలో కుర్చీ లాక్కుని కూచున్నాడు.
కాసేపటికి
తను కూచున్న కుర్చీ వంక చూసుకున్నాడు.

గొప్ప మాటలేం అనలేదు.
"బాయిలరు ఎప్పట్నించి పాడైంది?" అన్నాడు.

ఆగస్టుకి నలభై మందికి తొమ్మిది స్టూళ్లొచ్చాయి.
మెకానిక్ ఎలాదియో వాటి కాళ్లు కోసి
ఒక్కోటీ ఒక్కో నడుము ఎత్తుకి సరిచేశాడు.
ఒకటి ఇప్పటికీ కుంటుతుంది.
వేడినీళ్లు మధ్యాహ్నం దాకా ఉంటున్నాయి.
బెల్టు వేగం మాత్రం తగ్గలేదు,
దాని సంగతి మాట్లాడాలంటే
మాద్రిద్ నించి ఎవరో రావాలట.

పోస్టర్లో అమ్మాయి ఇంకా నవ్వుతూనే ఉంది.
దాని కింద కుంటి స్టూలేసుకుని
దొసిందా గ్లవ్సు తీసి
ఆపిల్ కొరుకుతోంది, మెల్లిగా,
తొడిమ దాకా.

ఎన్ని నిమిషాలో
నన్నడక్కండి.