మోసుకెళ్ళినవాడు

గుణుపురం బస్టాండు వెనక రేకుల చర్చిలో
గురువారం సాయంత్రాలు
తబితమ్మగారు ఆ ఉత్తరం విప్పుతుంది,
ముప్పై ఏళ్ళు కట్లు విప్పిన నర్సు చేతుల్తో,
తొందర లేకుండా.

నిండా ఒక పుట ఉండదు.
జైల్లో ఉన్న ముసలాయన
ఊళ్ళో ఉన్న స్నేహితుడికి రాసింది,
పారిపోయిన బానిసను మళ్ళీ చేర్చుకొమ్మని.

"ఎవరెవరికి రాశాడో ముందు చూడండి.
అతనికొక్కడికే కాదు,
ఆ ఇంట్లో కూడే అందరికీ.
నలుగురి ముందు చదివాక
కాదనడం ఎవరి తరం?"
ఆ వెనక మెచ్చుకోలు, వేడన్నంలో నెయ్యిలా.
అడగాల్సింది ఇంకా రాదు.
వాడి పేరు రావాలంటే సగం దూరం నడవాలి.

మా నాన్న కూడా అలాగే రాయించేవాడు.
ఉభయకుశలోపరి.
వానలు, చింతపండు ధర, మీ అమ్మాయి కాన్పు.
కార్డు అంచు తగిలే చోట, ఇరుకులో,
డబ్బు సంగతి.

పనికొచ్చేవాడని అర్థమట ఆ పేరుకి.
మా ఇంట్లో గొత్తికున్న సవర కుర్రాణ్ణి
పనికిమాలినోడా అనే పిలిచేవాడు నాన్న.
ఎడ్లకి వాడే, నీళ్ళకి వాడే,
రాత్రి కళ్ళానికి కాపలా వాడే.
అసలు పేరు నేను అడిగిన గుర్తు లేదు.

"వాడి బాకీ తన ఖాతాలో రాసుకోమంటాడు.
ఇదిగో, ఇక్కడ కలం తనే అందుకున్నాడు.
అంతవరకూ ఇంకెవరో రాసిపెట్టారేమో,
ఈ మాట మాత్రం సొంత దస్తూరీ."

నా చెయ్యి బెంచీ కిందికి పోయింది.

ఏడో తరగతి. నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని
నాన్న నాచేత రాయించాడు గుడారి సావుకారికి:
ఈ మనిషిని పంపుతున్నాను,
అరవై రూపాయలూ వడ్డీ తీరేదాకా మీ దగ్గరే.
కింద వాడి వేలిముద్ర.
ఊది ఆరబెట్టి, నాలుగు మడతలు పెట్టి
వాడి చేతికే ఇచ్చాను.
తనను అమ్మిన కాయితం తనే పట్టుకుని
పెద్ద పని అప్పగించినట్టు
నవ్వుతూ పోయాడు.

బానిసత్వం తీసెయ్యమని ఎక్కడా లేదే, అన్నాడు పోస్టాఫీసు దావీదు.
తమ్ముడనుకొమ్మని ఉందిగా, అంది సలోమి.
అదీ ఇదీ ఒకటేనా?
కాకపోతే తమ్ముడెలా అవుతాడు?
వాదన ఫ్యాను కింద తిరుగుతూనే ఉంది.

వెనక బెంచీలో రైకా బుడాన్ లేచాడు,
ఎన్నడూ నోరు తెరవనివాడు.
"ఉత్తరం ఎవులు పట్టుకెళ్ళారమ్మా?"
తబితమ్మగారు కళ్ళజోడు తీసింది.
"వాడే అయ్యుంటాడు, బుడానూ."
"అందల ఏటుందో ఆడికి సదివి సెప్పారా?"

ఎవరూ పేజీ తిప్పలేదు.

గేటు దగ్గర, ఎందుకో తెలీదు, అడిగాను:
గుడారి దారిలో ఏరు దాటాలి కదా,
కాయితం తడిసిపోదూ?

నా మొహంలోకి చాలాసేపు చూశాడు.
"తడవనేదు బాబూ.
తలపాగాలో ఎట్టుకున్నాను."