బేరం

తపస్సు కాలపు శుక్రవారాలు
ఈరీ సరస్సు గాలి తలుపులు బాదే మా విచారణ గుడి నేలమాళిగలో
నేను చేపలు వేయిస్తాను.
నా కొడుకు కాజిమీర్ క్యాబేజీ తురుము వడ్డిస్తాడు,
అడిగినా అడక్కపోయినా ఒక గరిటె ఎక్కువ.

వాడి మార్కులు మాత్రం అలా పొర్లిపోవు.
ఎనభై నాలుగు, ఎనభై ఆరు,
ఒక్కసారి ఎనభై తొమ్మిది.
తొంభై గడప దాకా వచ్చి
మంచు బూట్లు విప్పాలా వద్దా అని
అక్కడే నిలబడిపోతాడు.

కవర్లు వచ్చాయి, దళసరివి.
ప్రతిదాని మీదా ఎవరో ఒక పునీతుడు.
మొదటి పేజీలో అభినందనలు,
మూడో పేజీలో పట్టపగలే చుక్కలు.
సాయం అని రాసిన పట్టికలో సగం అప్పే.
ముప్ఫై ఏళ్ళుగా ఆసుపత్రి బాయిలర్లు బాగుచేస్తున్నవాణ్ణి,
ఆవిరికీ పొగకీ తేడా నాకు చెప్పాలా?

ఫిబ్రవరిలో ఒక కొండ మీది కాలేజీకి వెళ్ళాం.
ఓ అమ్మాయి వెనక్కి నడుస్తూ అన్నీ చూపించింది,
మెట్లు కూడా వెనక్కే దిగింది,
ఒక్కచోటా తడబడలేదు.
ముందుకు నడుస్తూనే బల్లలకు గుద్దుకునే నా కొడుకు
నా చెవిలో అన్నాడు:
"నాన్నా, ఇక్కడ అందరూ ఇలాగే నడవాలా?"
ఏడాదికి అరవై రెండు వేల డాలర్లు.
తిరుగుదారిలో పెట్రోలు బంకు సాండ్‌విచ్ సగం సగం తిన్నాం.
మాటలు ఎవరివి వాళ్ళమే మింగాం.

రెండోది పేరు వినని ఊళ్ళో.
బొగ్గు గనుల వాళ్ళ కూతుళ్ళ కోసం
మఠకన్యలు కట్టిన ఇటుకల భవనం.
వరండాలో కారే కప్పు కింద ఒక బకెట్,
బకెట్ పక్కన జోజప్ప విగ్రహం,
ఆ బకెట్‌కి కాపలా తనే అన్నట్టు.
సిస్టర్ అడెల్‌గండ్‌కి ఎనభై దాటి ఉంటాయి.
మార్కుల కాగితం బోర్లా పెట్టి అడిగింది:
"ఏం చేస్తుంటే నీకు ఆకలి గుర్తురాదు, బాబూ?"

వాడు ఆలోచించాడు. చాలాసేపు.
వీడియో గేములంటాడేమోనని నా గుండె గుభేలుమంది.
"మా తాతకి గడ్డం గీస్తుంటే" అన్నాడు.
"దవడ కింద ఎదురు గీయకూడదు.
చర్మం ఉల్లిపొర. ముందు వేడి గుడ్డ వేయాలి.
ఆయన కళ్ళు మూసుకున్నాకే మొదలుపెట్టాలి."

ఆ గడ్డం రోజూ ఎవరు గీస్తున్నారని
నేనెప్పుడూ అడగలేదు.

నర్సింగ్‌లో సీటు. అయినా పదకొండు వేలు తక్కువ.
అడగడానికి సిగ్గు. మా ఇంట్లో
సంతలో కూడా బేరం ఆడినవాళ్ళు లేరు.
రాత్రి నిద్ర పట్టక అబ్రాహాము గుర్తొచ్చాడు.
యాభైమంది మంచివాళ్ళుంటే? నలభై ఐదుగురుంటే?
ముప్ఫై? ఇరవై?
దేవుడితోనే! అదీ తన ఊరు కాని ఊరి కోసం.

సోమవారం బాయిలర్ గదిలోంచి ఫోన్ చేశాను.
"కోపం తెచ్చుకోకండమ్మా, ఇంకొక్క మాట."
పదకొండు తొమ్మిదైంది.
"ఇంకొక్కటే మాట."
తొమ్మిది ఆరున్నరైంది.
అక్కడ అవతల ఆమె ఊపిరి వినబడింది.
బకెట్ గుర్తొచ్చింది.
అబ్రాహాము పది దగ్గర ఎందుకు ఆగాడో
ఏ పాదిరీ సరిగా చెప్పలేదు గాని,
నేను ఆరున్నర దగ్గర ఆగాను.

ట్రక్కు అమ్మితే నాలుగు వస్తుంది.
మిగతా రెండున్నరకి దారి ఇంకా తోచలేదు.

మళ్ళీ శుక్రవారం. నూనె కాగింది.
వరుసలో ఎవరో ముసలాయన పళ్ళెం చాపి నిలబడ్డాడు.
కాజిమీర్ గరిటె గాల్లోనే ఆపి
ఆయన దవడ కేసి చూస్తున్నాడు.

ఎవరో ఎదురు గీశారు.