గదిల ఎందరు

కాగితాల అట్ట మోకాలి మీద పెట్టుకొని
ఆశా అక్క రాజమణి అడిగింది:
"నీతోని ఒక్క గదిల పండేటోళ్లు ఎందరు?"
నలభై మూడన్న.
ఆమె నవ్వి, పెన్ను జాడించి
మల్లా అడిగింది.

నవ్వకక్కా.
దమ్మామ్‌ల తర్హీల్ జైలు, ఆరో నంబరు గది.
ఇరవై మందికని గోడ మీద అరబ్బీల రాసుండె.
సూడాన్ తాత మాకది చదివి జెప్పి
తనే ముందుగాల నవ్విండు.
అకామా గడిచినోళ్లు, కఫీల్ కేసు పెట్టినోళ్లు,
నా లెక్క ఖల్లివెల్లి అయినోళ్లు.
అందరి నేరం కాగితమే.

కిటికీ ఉండె, తెరిసేది కాదు.
బయట రాళ్లు పగిలే ఎండ. లోపల ఏసీ
ఒక్కటే గాలిని నమిలి నమిలి
మల్లా మా మొకాల మీదనే ఊంచేది.
సగం మంది పండితే సగం మంది గోడకు ఆనుకోవాలె.
లేసినోని చెమట ఆరకముందే
ఆ జాగల ఇంకోని వీపు.

దగ్గు ముందుగాల నేపాలీ మన్‌బహదూర్‌ది.
ఏసీ సలి అన్నరు అందరు.
నేనొక్కన్నే అనలే.
సిరిసిల్లల మరమగ్గాల నడుమ పుట్టినోన్ని,
నాయిన నూలు దుమ్ముల బతికి
నాలుగేండ్లు గదే దగ్గు దగ్గిండు.
మగ్గం బందైనంక గూడ రాత్రంత
ఆయన రొమ్ముల నాడె ఆడుతనే ఉండేది.
ఆ సప్పుడు చీకట్ల గూడ గుర్తు పడత.

చెప్పిన. ఏ భాషల చెప్పాలె?
దగ్గుకైతే భాష అక్కరలేకపాయె.
పక్కన పండిన బంగ్లా మొఫజ్జల్‌కు,
మొఫజ్జల్ నుంచి ఇథియోపియా పోరడు గెటాచోకు.
అకామా అడగలే, ముద్ర అడగలే.

తల దిక్కు కాళ్లు పెట్టి పండుదామన్న.
రెండు రాత్రులు విన్నరు.
మూడో రాత్రి ఒకని కాలు ఇంకోని మూతికి తాకి
కొట్లాట.
ఆఖరికి మన్‌బహదూర్‌ను పాయిఖాన పక్కకు నెట్టిర్రు.
అబద్ధమెందుకు, నేను గూడ ఒక చెయ్యేసిన.
తెల్లారి చాయల ముంచిన ఖుబ్బూస్ ముక్క
గదే చేత్తోని ఇచ్చిన.
తిన్నడు. నా దిక్కు చూడలే.

డాక్టరు తలుపు సందుల నుంచి
తెల్ల గోలీలు ఇచ్చిపోయేటోడు,
పన్ను నొప్పికి, దీనికి, అన్నిటికి అవే.
షుర్తా పొద్దున్నే లెక్క పెట్టేటోడు,
వాహద్, ఇత్నేన్, తలాతా.
ఒకనాడు ఒకటి తక్కువొచ్చింది.
కోపమొచ్చి మల్లా మొదటికెళ్లి లెక్కపెట్టిండు.

దుప్పటితోని రాదు, ఊపిరితోని వస్తదని
నువ్వే చెప్పినవ్ మొన్న.
అక్కా, ఆ గదిల మేం ఊపిరినే
దుప్పటి లెక్క కప్పుకున్నం.

ఔట్ పాస్ వచ్చిన్నాడు
పది వేళ్ల ముద్రలు తీసిర్రు, కండ్ల ఫొటో తీసిర్రు.
రొమ్ము ఫొటో ఎవ్వడు తియ్యలే.
విమానంల మూతికి రుమాలు కట్టుకున్న.
ముందు సీటు మీంచి ఒక పసిపిల్ల తొంగి చూసి నవ్వితే
మొకం తిప్పుకున్న. ఏడ్చింది.

నువ్విచ్చిన డబ్బీల తెల్లారగట్ల ఊంచిన.
ఆరు నెలలు మింగుత, ఒక్క గోలి తప్ప.
నువ్వు మాత్రం రాయి.
ఫారంల నాలుగే గీతలుంటే వెనుక దిక్కు రాయి.
మొఫజ్జల్, బరిసాల్ దగ్గర ఏదో పల్లె.
గెటాచో, ఊరు తెల్వదు, ఎడమ చెవికి గాటు.
సూడాన్ తాత. పేరు అడగనే లేదు, తాతనే అన్నం.
పేర్లు తెల్వనోళ్లకు పండిన జాగలు రాయి:
తలుపు పక్కన, ఏసీ కింద, రెండో గోడ మూలకు.
పాయిఖాన పక్కన మన్‌బహదూర్,
ఆయనది గూడ రాయి, కొట్టెయ్యకు.

ఇంకొకటుంది అక్కా.
నేను లేసొచ్చినంక
నా జాగల ఎవడో పండే ఉంటడు గద.
వాని పేరు
ఎట్ల రాస్తవు?