సున్నా పాయింట్ నాలుగు

శుక్రవారం సాయంత్రం. మ్జుజులో ముసురు.
బల్ల మీద ఏడు ఫోన్లని వరసగా పడుకోబెట్టి
ఎవరిని ఒడ్డున వదిలేద్దామో తేల్చుకుంటున్నాం.

సరస్సు మీద తిరిగే పడవల వేళలు చెప్పే సైటు మాది.
కొత్త బ్రౌజర్లలో తెర అడుగున అలలు కదుల్తాయి,
మెనూ తలుపులా తెరుచుకుంటుంది.
ఆ పాతదాంట్లో మాత్రం అంతా కుప్పకూలి
వేళలన్నీ పోయి ఎక్కడో అట్టడుగున నక్కుతాయి.

"సున్నా పాయింట్ నాలుగు శాతం," అన్నాడు లుసుంగు.
"దాని కోసం మూడు వారాల చాకిరీనా?"
లెక్కలో తప్పులేదు.
పట్టికలో చివరి వరసకి ఎర్ర రంగు పూసింది నేనే.

పూశాక గుర్తొచ్చింది,
న్ఖాటా బే రేవులో ఎండుచేపలమ్మే న్యామ్హాంగో ఫోను:
అయిదో అంకె అరిగిపోయింది,
వెనక మూత ఊడకుండా సైకిల్ ట్యూబు ముక్క.
డబ్బులు కరిగిపోతాయని బొమ్మలు రానివ్వదు.
పోయిన నెల అడిగింది:
"పడవ వెళ్లిపోయాకే నీ పేజీ వస్తుందేం, తల్లీ?"
నవ్వేసి, రెండు దోసిళ్ల చేపలు కొనుక్కొచ్చాను.

శాతాలకి నీచు వాసన ఉండదు.

అలలు తీసేశాను. మెనూ తీసేశాను. నీలిరంగూ పోయింది.
మిగిలింది పడవ పేరు, రేవు, గంట.
"ఇది సైటా, గోడకంటించిన నోటీసా?"
నోటీసే.

ఏడిట్లోనూ తెరుచుకుంది,
ఏడోదానికి పదకొండు సెకన్లు పట్టింది.

సోమవారం కంపెనీవాళ్లొచ్చి అలలేవంటారు.
సరస్సులో ఉన్నాయంటే
ఊరుకుంటారా?