డబ్బా కొలతలు

కెమెరా పాతదే. హన్మకొండ చౌరస్తాల
ముప్పై రెండు వేలు చెప్పి ఇరవై ఆరుకు దిగిండు.
షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందంటే
"బండి కొంటున్నవా, మీటరు చూస్తున్నవు" అని నవ్విండు.

ప్రింటర్ కాడ బేరమాడలే.
పెండ్లిల మనిషి పన్నెండు సెకన్లు దాటి ఆగడు,
తిని కడుక్కున్న తడిచేతితోటే పట్టుకుంటడు,
రంగు దిగొద్దు.

రింగు లైటు వద్దనుకున్న,
కండ్లల్ల తెల్లగాజులు తొడుగుతది.

తెరకు కొత్తవాడ శత్రంజి తెచ్చిన, ఎర్రచారలది.
బరువుకు పైపు వంగింది.
"ఇది కింద పరిచేదిరా" అనుకుంట నాంపెల్లి చారి
పెన్సిల్ చెవిల వెట్టి, నన్ను స్టూలు మీద కూసోవెట్టి
ప్లైవుడ్ మీద నా కంటి ఎత్తు గీసిండు.

మొదటి గిరాకి పరకాల.
అందరు పోయినంక బ్యాండు ఐలుమల్లు అచ్చిండు,
మెడల పెద్ద డోలు. తలుపుల పట్టక
అడ్డం తిరిగి దూరిండు.
తీసి రమ్మంటే
"ఇది లేకుంటే నన్నెవలు గుర్తువడతరు?" అన్నడు.
నాలుగుసార్లు కొట్టిన.
డోలు వడితే మొఖం లేదు,
మొఖం వడితే డోలు లేదు.

తెల్లారి మళ్ల చౌరస్తా.
రెండు చేతులు సాపి చూపెట్టిన,
"గింత పట్టే లెన్సు."

చారి రంపం తీసిండు, తలుపుకు.