మూడో అడుగు

బండి ఇంకా పుట్టలేదు.
బొమ్మ గీశారు, కొలతలు చెప్పారు, ధర చెప్పారు.
మూడడుగుల పొడవు, పద్దెనిమిది చక్రాలు,
తెరిస్తే పొట్టలో మంచాలు, వంటగది,
చిటికెనవేలి గోరంత దీపం.
చంద్రుడి మీద గనుల్లో తిరిగే బండట.
తొమ్మిది వేలమంది ముందే డబ్బు కడితే
డై చేయిస్తారు.
లేకపోతే ఎవరి డబ్బు వాళ్ళకి.

డై సంగతి నాకు తెలుసు.
అంబత్తూరులో పంతొమ్మిదేళ్ళుగా
ఉక్కు దిమ్మెలో బోలు తవ్వడమే నా పని.
బకెట్ చెవులు, స్విచ్చు మూతలు, మిక్సీ అడుగులు.
ఒక్కో డై ఎంత తింటుందో తెలుసు గనక
నలభై ఆరు వేలు అన్యాయం అనలేను.
న్యాయమే కదా అని కట్టెయ్యనూ లేను.
పైన కస్టమ్స్ వాడు ఎంత వేస్తాడో
వాడికే తెలీదు.

నా చిన్న కార్లు రెండు వందల నలభై.
ఒక్కోటీ నూట యాభైకో, రెండొందలకో
కూరగాయల చిల్లరతో కలిసి ఇంట్లోకి జారుకున్నాయి.
కూడితే ఈ బండి ధరకి దగ్గరే.
కూడమని ఎవరూ అడగలేదు.
ఇది మాత్రం ఒక్కసారే, ముందు గుమ్మంలోంచే,
పేరూ ధరా చెప్పుకుని రావాలి.

వేళచ్చేరి ఇంట్లో నా అలమర రెండడుగులు.
మిగిలిన అడుగు గాల్లో ఉంటుంది.
వామనుడికైతే బలి నెత్తి దొరికింది.
నా మూడో అడుగు ఎవరి నెత్తిన పెట్టను?
వకుళ వైపు చూశాను.
ఇడ్లీ పిండి గిన్నె మీద మూత పెడుతూ
"నన్ను చూడకు" అంది.

ఢిల్లీబాబుని అడిగాను.
అప్పుడెప్పుడో వాడు ఇలాగే ఒక ఫైరింజన్‌కి కట్టాడు.
అది రెండేళ్ళకి వచ్చింది.
వచ్చేసరికి వాడు ఆ ఇంట్లో లేడు,
ఆ ఉద్యోగంలో లేడు,
ఫైరింజన్ కావాలనుకున్న మనిషే
ఎటో వెళ్ళిపోయాడు.
పెట్టె విప్పలేదట. బీరువా మీద ఉందట,
దాని మీద చలికాలం దుప్పట్లు ఉన్నాయట.
"చెన్నైలో చలికాలం ఏంట్రా" అన్నాను.
"అదే మరి" అన్నాడు.

ఒకసారి వరదొచ్చింది. మోకాలి లోతు.
కింది అరలో లారీలన్నీ
హాల్లో తేలుతూ ఒకదాన్నొకటి గుద్దుకుంటే
నవ్వుతూ ఏడుస్తూ బకెట్‌లోకి ఏరుకున్నాం.
ఈ పెద్దదాన్ని ఏ బకెట్‌లో వెయ్యాలి?
తేలుతుందో మునుగుతుందో
వివరాల్లో రాయలేదు.

లెక్క ఆరు వేల ఎనిమిది వందల మూడు దగ్గర ఆగింది.
ఇంకా నాలుగు రోజులు.
చెప్పకూడదు గానీ
లోపల ఒక దొంగ మొక్కు మొక్కుకున్నాను:
నిండకూడదు.
నిండకపోతే నేను పిరికివాణ్ణి కాను,
బండికే రాత లేదు.
తక్కిన రెండు వేల చిల్లర మందీ
ఎవరి చీకట్లో వాళ్ళు
ఇదే మొక్కు మొక్కుతూ ఉంటారు.

రాత్రి పాత పేపర్లు అతికించి
బండి కొలతకి కత్తిరించాను.
అలమర కింద పరిచాను. పట్టలేదు.
టీవీ ముందు, పట్టలేదు.
చివరికి హాలు మధ్యలో పరిచి
ఫ్యాన్ గాలికి ఎగరకుండా
మూలకొక కారు బరువు పెట్టాను.
లైటు తీశాక కూడా
తెల్లగా, పొడుగ్గా, అక్కడే ఉంది.

పొద్దున్న వకుళ ఇల్లు ఊడ్చింది.
కాగితం చుట్టూ ఊడ్చింది.
మధ్యలో కాలు పెట్టలేదు,
మడిచి తియ్యమనీ అనలేదు.
చీపురు గోడకి ఆనించి, కాసేపు నిలబడి,
"చక్రాలు తిరుగుతాయా" అంది.

తిరుగుతాయన్నాను.
ఫోను తీసి లెక్క చూశాను.
ఆరు వేల ఎనిమిది వందల నాలుగు.