దాహమా? రండి

సోంపేట ఆసుపత్రిలో
నాలుగు గంటల యంత్రం పక్కన
నా చేతిలో కరపత్రాల కట్ట.
పైన నీలం అక్షరాలు: దాహమా? రండి.
టెక్కలి నుంచి అయ్యగారు పంపారు, ఐదు వందలు.
నెలాఖరుకి లెక్క రాయాలి:
పంచినవి ఎన్ని, విన్నవారు ఎందరు,
ఒప్పుకున్నవారు ఎందరు.

అయిదో మంచం మీద ఢిల్లేశు.
కవిటి దగ్గర కొబ్బరితోట. చెట్టెక్కడం మానేసి మూడేళ్లు.
ఎడమచేతి నరం తాడులా ఉబ్బింది,
వేలు ఆనిస్తే లోపల పిండిమిల్లు ఆడుతున్నట్టు.
కాగితం దూరంగా పట్టుకుని చదివాడు.
నవ్వాడు.
"రోజంతటికీ రెండు గ్లాసులే నాకు, తల్లీ.
మందుబిళ్ళకీ అందులోదే.
మా ఊరి నీల్లే ఈడకి తెచ్చినాయంటారు కొందరు,
కాదంటారు కొందరు.
నువ్వేటి, మల్లీ నీల్లకే పిలుస్తన్నావు?"

శిక్షణలో దీనికి జవాబు నేర్పలేదు.
గుమ్మం దగ్గర చెప్పులు ఎక్కడ విడవాలో నేర్పారు,
తిట్టినవాళ్ళకి దణ్ణం ఎలా పెట్టాలో,
ఏ వాక్యం వెనక ఏ వాక్యమో.
కట్ట సంచిలో పెట్టేసి
స్టూలు లాక్కుని కూర్చున్నాను.

మంగళ, శుక్రవారాలు.
భార్య ఊర్వశి జీడిపిక్కల పనికి పలాస పోతే
టిఫిను డబ్బా నేనే విప్పేదాన్ని.
చుక్క లోపలికి పోకుండా
తడిగుడ్డ పెదాలకి అద్దడం నర్సు చూపించింది.
తిత్లీకి కూలిన చెట్లని వరసగా చెప్పేవాడు,
పోయిన చుట్టాలని చెప్పినట్టు.
కరెంటు పోతే జనరేటరు యంత్రాలకే, ఫ్యానుకి కాదు.
కరపత్రాలు మడిచి విసిరేదాన్ని.
నీలం అక్షరాలు అటూ ఇటూ ఊగేవి.

ఒక శుక్రవారం కళ్ళు మూసుకునే అడిగాడు:
"మీ సామికి ఎప్పుడైనా దప్పికేసిందేటి?"
తెలిసిన సంగతే. నిద్రలో లేపినా చెప్పగలను.
అయినా గొంతు పట్టుకుంది.
వేసింది, అన్నాను. చచ్చిపోయే ముందు. అడిగాడు కూడా.
"ఇచ్చినారా?"
పులిసిపోయింది ఇచ్చారు.

చాలాసేపు యంత్రం ఒక్కటే మాట్లాడింది.
"అయితే ఆయనకి ఎరికే," అన్నాడు,
గోడవైపు ముఖం తిప్పి.

ఆమెన్ అనలేదు. నేనూ అడగలేదు.
నుదుట అమ్మవారి కుంకుమ అలాగే ఉంది,
ఊర్వశి మొక్కూ అలాగే ఉంది.

నెలాఖరు. లెక్కల కాగితం.
పంచినవి: పదకొండు.
విసిరినవి రాయడానికి గడి లేదు.
విన్నవారు, అన్నచోట పెన్ను ఆగింది.
ఆ మాట ఇన్నేళ్ళూ చెప్పానే గానీ
విన్నది మొన్ననే కదా.
ఒకరు, అని రాసి
పక్కన నా పేరు పెట్టాను.

అయ్యగారు ఫోను చేస్తారు. చెయ్యనీ.
మంగళవారం బస్సు ఆరున్నరకి.